పగ గొలుసు ఎక్కడ తెగింది, మళ్లీ ఎక్కడ అతుక్కుంది

1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో హత్యకు గురైనవాళ్లలో 24 ఏళ్లు దాటనివాళ్లే 73 మంది. క్రాక్ కొకైన్ అనే మత్తుమందు వ్యాపారంతో పాటే వీధుల్లోకి తుపాకులు దిగాయి. ఒకడి దగ్గర తుపాకీ ఉందని తెలిశాక, పక్క వీధి కుర్రాడు భయంతో తానూ ఒకటి సంపాదించుకున్నాడు. 1992లో ఒక చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగానే ముఠా కుర్రాళ్లు చొరబడి ఒకడిని కత్తితో పొడిచారు. ఆ తర్వాతే నల్లజాతి పాస్టర్లు కొందరు ఒక్కటై, రాత్రిళ్లు వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు.

అప్పటికి చేతిలో ఉన్న మందులు రెండే: బెదిరించడం, మంచి చెప్పడం. కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత తిట్టించే పద్ధతి 1970ల్లో న్యూజెర్సీలో మొదలై దేశమంతా పాకింది. తర్వాతి పరీక్షల్లో తేలింది వేరు: అలా వెళ్లొచ్చినవాళ్లే, వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారు. మంచి చెప్పడమూ గురి తప్పగలదు. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన ప్రయోగంలో 506 మంది అబ్బాయిల్లో సగం మందికి ఏళ్ల తరబడి సలహాదారులు అండగా నిలిచారు. ముప్ఫై ఏళ్ల తర్వాత చూస్తే వాళ్ల బతుకులే కొంత అధ్వానం. వేసవి శిబిరాలకు ఒకసారికి మించి వెళ్లినవాళ్లకు నష్టం మరీ ఎక్కువ. అల్లరి పిల్లలందర్నీ ఒకచోట చేరిస్తే ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకునేది ఏమిటో ఊహించడం కష్టం కాదు.

బోస్టన్‌లో పరిశోధకులు పోలీసులతో, ప్రొబేషన్ (జైలు బయటే నిఘాలో గడిపే శిక్ష) అధికారులతో, ముఠా కుర్రాళ్ల మధ్య తిరిగి పనిచేసే వీధి కార్యకర్తలతో కూర్చుని హత్యలను ఒక్కొక్కటిగా తిరగేశారు. ముఠాలు 61, సభ్యులు దాదాపు 1,300 మంది. నగర యువతలో ఒక శాతానికి లోపే ఉన్న ఈ గుంపు చుట్టూ యువత హత్యల్లో కనీసం 60 శాతం తిరుగుతున్నాయి. చాలావాటికి మూలం మత్తుమందు లావాదేవీలు కాదు, పాత పగలు. ఏ ముఠాకు ఎవరితో వైరమో వీధి కార్యకర్తలకు నోటికి వచ్చు. ఫైళ్లలో మాత్రం లేదు.

1996లో ‘సీజ్‌ఫైర్’ (కాల్పుల విరమణ) అనే కార్యక్రమం మొదలైంది. ప్రొబేషన్‌లో ఉన్న ముఠా సభ్యులను పిలిచి ఒకే గదిలో పోలీసు, ప్రాసిక్యూటర్, పాస్టర్, వీధి కార్యకర్త ఒకే మాట చెప్పారు: మీలో ఒక్కడు కాల్చినా ముఠా మొత్తం మీద పాత వారంట్ల నుంచి వీధి మూల మత్తుమందు అమ్మకం దాకా అన్నీ తిరగదోడతాం, బయటపడాలనుకుంటే సాయం ఇదిగో. ఈ మాట నిలబడాలంటే రెండు వైపులా నిజం కావాలి. తొలి హత్యకు కదలిక లేకపోతే హెచ్చరిక ఉత్తదైపోతుంది. ఉద్యోగం అడిగినవాడిని నెలలు తిప్పితే సాయమూ అంతే. మూల్యాంకనంలో యువత హత్యలు నెలవారీగా 63 శాతం తగ్గినట్టు తేలింది. 2000 నాటికి నడిపినవాళ్లు తలోదారి పట్టారు, సమావేశాలు ఆగాయి, హత్యలు మళ్లీ పెరిగాయి. 2007లో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

షికాగోలో దారి వేరు. ఆఫ్రికాలో అంటువ్యాధులపై పనిచేసి వచ్చిన గ్యారీ స్లట్కిన్ హింసనూ అంటురోగంలాగే చూశాడు. 2000లో ఒక్క పేటలో మొదలైన పనికి, 2004లో మధ్యవర్తులు తోడయ్యారు. వీళ్లలో చాలామంది ఒకప్పటి ముఠా సభ్యులే. ఒకడికి తూటా తగలగానే ఆసుపత్రి దగ్గరికి చేరుకుంటారు: పగ తీర్చుకోవాలన్న ఆవేశంలో ఎవరున్నారు, వాళ్లు ఎవరి మాట వింటారు, ఈ రాత్రికి వాళ్లను ఎక్కడికి పంపాలి? విన్నది పోలీసులకు చేరవేయరు. ఒక్కసారి చేరవేశారన్న అనుమానం వచ్చినా ఆ వీధిలో వాళ్ల పని అయిపోయినట్టే. జరగని హత్యను లెక్క చూపడం కష్టం గనుక కోత ముందు దీనికే పడుతుంది. 2007లో రాష్ట్ర నిధులు ఆగిపోయాయి.

స్కాట్లాండ్‌లో సమస్య కత్తులది. గ్లాస్గో పోలీసులు 2005లో హింస తగ్గింపు విభాగం పెట్టి, 2008లో బోస్టన్ పద్ధతిని కోర్టు హాల్లోకి తెచ్చారు. అక్కడ పోలీసులతో పాటు, చీలిన ముఖాలకు కుట్లు వేసే డాక్టరూ, కొడుకు దాడికి గురైన తల్లీ మాట్లాడారు. ఆ కార్యక్రమం నిధులు మూడేళ్లకు ముగిశాయి, విభాగం మాత్రం కొనసాగింది. బోస్టన్‌కు దొరకనిది ఇదే: మనుషులు మారినా నిలిచి ఉండే కార్యాలయం.