హరికేన్ దారి దొరికింది, బలం దగ్గరే చిక్కు

2004 ఆగస్టు 13 ఉదయం హరికేన్ చార్లీ ఫ్లోరిడా పడమటి తీరం వైపు వస్తోంది. గాలి వేగం గంటకు 175 కిలోమీటర్లు. టీవీ మ్యాపుల్లో హరికేన్ దారిగా గీసిన నల్లగీత టాంపా మీదుగా పోతోంది కాబట్టి అందరి టెన్షనూ టాంపా గురించే. హరికేన్ మాత్రం కాస్త కుడికి తిరిగి, బాగా దక్షిణాన పుంటా గోర్డా దగ్గర విరుచుకుపడింది. మధ్యాహ్నం తీరాన్ని తాకేసరికి గాలి 240 కిలోమీటర్లకు చేరింది. హెచ్చరిక పుంటా గోర్డాకూ ఇచ్చారు. కానీ గీత కనిపిస్తున్నప్పుడు దాని పక్కన ఏముందో ఎవరు చూస్తారు?

దారి సంగతి అప్పటికే చాలావరకు తేలింది. హరికేన్‌ను నడిపించేవి చుట్టూ వందల కిలోమీటర్ల మేర వీచే గాలులు. ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు మెరుగయ్యేకొద్దీ వాటిని పట్టుకోవడం తేలికైంది. 1990 తర్వాత ఇరవై ఏళ్లలో మూడు రోజుల ముందు వేసే దారి అంచనాలో తప్పు సుమారు సగానికి తగ్గింది. బలం అంచనా మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 2005లో కత్రినా, రీటా, విల్మా హరికేన్లు చూస్తుండగానే బలపడుతూ వరుసగా వచ్చాయి. 2007లో హంబర్టో ఒక్క రోజు కూడా తిరక్కుండానే వాయుగుండం నుంచి హరికేన్‌గా మారి టెక్సస్‌ను తాకింది. ఇక లాభం లేదని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2009లో ప్రత్యేక ప్రాజెక్టు మొదలుపెట్టింది. దారిలోనూ బలంలోనూ తప్పులను ఐదేళ్లలో 20 శాతం, పదేళ్లలో 50 శాతం తగ్గించాలన్నది లక్ష్యం.

అసలు కష్టమంతా కన్ను, అంటే హరికేన్ నడిమధ్య ప్రశాంతంగా ఉండే చోటు, దాని చుట్టూ ఉండే మేఘాల గోడలో ఉంది. బలం పెరగడం, తగ్గడం తేలేది ఎక్కువగా అక్కడే. కంప్యూటర్ మోడల్ వాతావరణాన్ని గడులుగా విడగొట్టి లెక్కగడుతుంది; ఆ గడులు పెద్దవైతే ఆ గోడ అందులో కనిపించనే కనిపించదు. అందుకే హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే హరికేన్ మోడల్‌లో లోపలి గడిని 9 కిలోమీటర్ల నుంచి 2012 నాటికి 3 కిలోమీటర్లకు తెచ్చారు. ఈ మోడల్ బృందాన్ని నడిపింది తల్లాప్రగడ విజయ్. ఇంటిపేరే చెబుతుంది ఎక్కడివాడో.

గడులు చిన్నవైతే చాలదు, వాటిలో నింపడానికి సమాచారం కావాలి. నోవా పీ-3 విమానాలు నేరుగా కంట్లోకి దూసుకెళ్తాయి. తోకలోని డాప్లర్ రాడార్ గాలులను కొలుస్తుంది. కిందికి జారవిడిచే గొట్టాలు చిన్న పారాచూట్‌తో దిగుతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ పంపుతాయి. ఆ రాడార్ లెక్కలు 2013 నుంచి మోడల్‌లోకి వెళ్లాయి. 2023లో హాఫ్స్ అనే కొత్త మోడల్ వచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో ఓటిస్ అనే హరికేన్ ఈ మోడళ్ల పరువు తీసింది. మామూలు తుపాను ఒక్క రోజులో అన్నిటికన్నా పైదైన అయిదో కేటగిరీకి ఎగబాకి, 24 అర్ధరాత్రి దాటి 25వ తేదీ వచ్చాక మెక్సికోలోని అకపుల్కోపై పడింది. ముందు రోజు వరకూ మోడళ్లు అంత బలం చూపలేదు. విమానం అక్కడికి చేరిందే 24 మధ్యాహ్నం. అంతవరకూ ఉపగ్రహ చిత్రాలే దిక్కు.

మన వాతావరణ శాఖ కూడా బంగాళాఖాతం తుపాన్లకు హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను వాడుకుంది. అమెరికా తీరంలోలా ప్రతి తుపాను కంట్లోకీ వెళ్లొచ్చే విమానాలు మాత్రం మనకు లేవు.