క్రాన్‌బెర్రీ మడిలో నీటి పెత్తనం

హైదరాబాద్‌ బేగంబజార్‌లోని ఎండు పండ్ల దుకాణాల్లో కిస్మిస్‌, అంజీర్‌ల పక్కన ముదురెరుపు రంగులో ముడతలు పడి కనిపించే క్రాన్‌బెర్రీని నోట్లో వేసుకుంటే ముందు చక్కెర, వెనుకనే వాక్కాయను గుర్తుచేసే పులుపు తగులుతాయి. ఆ చక్కెర తయారీలో కలిపినదే; పచ్చికాయను ఉత్తగా తినడం కష్టం. ఈ పంటకు నెలల తరబడి చలి, ఆమ్లగుణం గల నేల కావాలి గనుక మన దక్కన్‌ నేల దానికి పనికిరాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌, మసాచుసెట్స్‌ రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ అది ఎక్కువగా పండుతుంది. అయినా కలుపును అణచడానికి వరి మడిలో నీరు నిలిపే రైతుకు అక్కడి సేద్యం మరీ కొత్తగా తోచదు.

ఎర్రని కాయలు తేలే నీటిలో నడుము లోతున నిలబడిన మనుషుల ఫొటోలు చూసి ఇది నీటి మొక్క అనుకుంటాం. నిజానికి ఇది నేలబారున పాకే తీగ. ఒక్కో కాయలో నాలుగు గాలి గదులు ఉండటం వల్ల, కోతవేళ మడిని నింపి తీగను కదిలిస్తే కాయలు పైకి తేలతాయి.

చలికాలంలో మళ్లీ నీరు పెడతారు. పైన మంచు గడ్డకట్టాక, కింది తీగకు ఎండబెట్టే శీతగాలి సోకదు. కొన్నేళ్లకోసారి ఆ మంచుపలకపైనే పలుచగా ఇసుక పరుస్తారు. మంచు కరిగినప్పుడు అది తీగల మధ్యకు దిగి కొత్త వేళ్లకు ఊతమిస్తుంది, పురుగులు దాగే ఆకు చెత్తను కప్పేస్తుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పడ్డచోట తీగ బాగా పెరగడాన్ని మసాచుసెట్స్‌లోని డెన్నిస్‌లో హెన్రీ హాల్‌ గమనించి 1816 ప్రాంతంలో సాగు మొదలుపెట్టాడు.

వసంతంలో మొగ్గలు విచ్చే రాత్రుల్లో పొగమంచు కాదు, గడ్డకట్టే మంచే భయం. అప్పుడు స్ప్రింక్లర్లు తిప్పుతారు. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 80 కెలోరీల వేడి విడుదలవుతుంది, ఆ వేడే మొగ్గను కాపాడుతుంది. నీటిని మధ్యలో ఆపితే మాత్రం మేలుకు బదులు కీడు జరుగుతుంది. మసాచుసెట్స్‌లో కొన్ని ఏళ్లలో ఏప్రిల్‌ మధ్య నుంచి నెల రోజులు మడిని మళ్లీ ముంచి ఉంచుతారు. దీనితో ఎర్రనల్లి, కాయతొలిచే పురుగు ఉద్ధృతి తగ్గుతాయి, కానీ ఏటా చేస్తే తీగే అలసిపోతుంది.

ఆ కాయతొలిచే పురుగే రైతుకు అసలు శత్రువు. తల్లి రెక్కలపురుగు పిందె అడుగున, ఎండిన పుష్పకోశపు అంచు లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు తొడిమ వైపు నుంచి లోనికి దూరి, ఆ రంధ్రానికి పట్టుపొరతో మూత వేసుకుని, గుజ్జు తిని లోపలంతా విసర్జంతో నింపి, పక్క కాయకు మారుతుంది. తక్కిన కాయలు ఇంకా పచ్చగా ఉండగానే ఒక కాయ తొందరపడి ఎర్రబడిందంటే దానిని చీల్చి చూడవలసిందే. పురుగు లోపల చేరాక మందు చల్లడం దాదాపు వృథా. అందుకే భూతద్దంతో గుడ్లు వెదుకుతారు, ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టల్లో పడిన రెక్కలపురుగులను లెక్కపెడతారు. మన చెరకు తోటల్లో కార్డుల రూపంలో కట్టే ట్రైకోగ్రామా జాతి పరాన్నజీవులు, అంటే పురుగుల గుడ్లలో పెరిగే చిట్టి కందిరీగలు, అక్కడ సహజంగానే ఈ గుడ్లపై బతుకుతాయి. ఆకు తినే పురుగుల కోసమైతే చేతివలతో ఇరవై ఐదు సార్లు తీగలపై ఊడ్చి, చిక్కినవాటి సగటు హద్దు దాటితేనే మందు ఆలోచిస్తారు. పూత కాలంలో అదీ ఆచితూచే, ఎందుకంటే అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు అప్పుడు గట్లపైనే ఉంటాయి.

మన మినుము చేలను పీడించే బంగారు తీగకు దగ్గరి చుట్టం అక్కడా ఉంది. పచ్చదనం లేని ఆ కలుపు క్రాన్‌బెర్రీ తీగను చుట్టుకుని రసం పీలుస్తుంది. కలుపు బాధ ఎంతటిదంటే, అమైనోట్రయజోల్‌ అనే కలుపుమందును కోత పూర్తయ్యాకే వాడాలన్న షరతుపై అనుమతించగా, కొందరు ముందే చల్లారు. ఎలుకల్లో థైరాయిడ్‌ కాన్సర్‌ కలిగించిన ఆ మందు అవశేషాలు కొన్ని కాయల్లో బయటపడటంతో 1959 నవంబరు 9న అమెరికా ఆరోగ్య మంత్రి ఆర్థర్‌ ఫ్లెమింగ్‌ ప్రజలను హెచ్చరించారు. థాంక్స్‌గివింగ్‌ పండుగ ఇంకా మూడు వారాలైనా లేదు. క్రాన్‌బెర్రీలు ఎక్కువగా అమ్ముడయ్యే ఆ రోజుల్లో దుకాణాల అరల నుంచి వాటిని తీసేశారు.