ఏఐ పరిశోధకులతో సైన్యానికేం పని?

పిల్లలూ,

ఏఐలో పెద్ద చదువులు చదివితే మిలిటరీ వాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారా అని అడిగారు. ఎత్తుకుపోరు. నల్ల కారు వచ్చి ఇంటి ముందు ఆగడం సినిమాల్లో సంగతి. మామూలుగా వచ్చేది పరిశోధనకి సైన్యం ఇచ్చే డబ్బు, అంటే గ్రాంటు, మంజూరైందన్న కాగితం. చాలామంది సంతోషంగా సంతకం పెడతారు, చాలాసార్లు అందులో తప్పుపట్టడానికీ ఏమీ ఉండదు. కాకపోతే ఆ కాగితం వెనక ఏముందో తెలిసి పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

అమెరికాలో ఈ చదువుని పెంచి పోషించింది చాలావరకు సైన్యమే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పైకి పంపేసరికి అమెరికా వాళ్ళకి గుండె జారిపోయింది. మరుసటి ఏడాదే రక్షణ శాఖ కింద ఆర్పా అనే సంస్థ పెట్టారు. ఇప్పుడు దాన్నే డార్పా అంటున్నారు. 1962లో అక్కడ కంప్యూటర్ల విభాగానికి లిక్లైడర్ అనే ఆయన వచ్చారు. ఆయన చదివింది సైకాలజీ. సైన్యానికి కావలసింది యుద్ధం వస్తే చకచకా సమాచారం చూసుకుని ఆజ్ఞలిచ్చే ఏర్పాటు. ఆయన మనసులో ఉన్నది మనిషీ కంప్యూటరూ కలిసి ఆలోచించే రోజు. ఆ రెండింటికీ ముడిపెట్టి డబ్బుని యూనివర్సిటీలకి మళ్ళించారు. ఏఐకి పునాదులు వేసినవాళ్ళలో ఇద్దరు, ఎంఐటీలో మిన్‌స్కీకీ స్టాన్‌ఫర్డ్‌లో మెకార్థీకీ ఏళ్ళ తరబడి గడిచింది ఎక్కువగా ఆ డబ్బుతోనే. మంచి బుర్ర ఉన్నవాణ్ణి పట్టుకో, మిగతాది వాడే చూసుకుంటాడు అన్నట్టుండేది పద్ధతి. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కాస్త అసూయే!

ఆ దర్జా ఎక్కువకాలం సాగలేదు. 1969లో అమెరికా చట్టంలో మాన్స్‌ఫీల్డ్ సవరణ వచ్చింది. సైనిక అవసరంతో నేరుగా సంబంధం ఉన్న పరిశోధనకే రక్షణ శాఖ డబ్బివ్వాలంది. అప్పట్నుంచి దరఖాస్తు రాసేవాళ్ళు సైన్యానికి ఇదెందుకు పనికొస్తుందో చెప్పుకోవలసి వచ్చింది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. డబ్బిచ్చేవాడు ఇది చెయ్, అది చెయ్యకు అని గద్దించనక్కర్లేదు. ఏ ప్రశ్నకి డబ్బు పుడుతుందో తెలిస్తే చాలు, జనం ఆ ప్రశ్నే అడగడం మొదలుపెడతారు.

వద్దన్నవాళ్ళూ ఉన్నారు. ఎంఐటీలో నార్బర్ట్ వీనర్ అనే గణిత శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధంలో తానే స్వయంగా సైన్యం కోసం పనిచేశారు. విమానాన్ని ఫిరంగితో కొట్టాలంటే అది ఇప్పుడున్న చోటికి గురిపెడితే లాభం లేదు, గుండు పైకి చేరేసరికి అక్కడ ఉండదు. పైలట్ ఇంతవరకు ఎటు తిప్పాడో చూసి, ఇక ఎటు తిప్పుతాడో ముందే లెక్కగట్టాలి. ఆయన తల బద్దలుకొట్టుకున్నది దానికే. ఇవాళ మీ ఫోన్ తర్వాతి మాటని ఊహించి చూపిస్తుందే, ఆ లెక్కలకి ఇవి దూరపు చుట్టాలు. హిరోషిమా తర్వాత, ఓ విమానాల కంపెనీలో క్షిపణుల మీద పనిచేసే ఒకాయన, వీనర్ యుద్ధకాలంలో రాసిన ఓ పేపరు కాపీ పంపమని అడిగితే వీనర్ ఇవ్వనన్నారు. ఆ జవాబు 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయింది కూడా. ఆయన వద్దన్నంత మాత్రాన క్షిపణులేమీ ఆగలేదు. అయినా నాకు ఆ ఉత్తరమంటే గౌరవం. 2024లో నోబెల్ అందుకున్న ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 1987లో అమెరికా వదిలి కెనడా వెళ్ళిపోవడానికి కూడా, అమెరికాలో ఏఐకి డబ్బు ఎక్కువగా సైన్యం నుంచే రావడం ఓ కారణం.

పందెం పెట్టి పిలవడం ఇంకో దారి. యుద్ధభూమిలో తిరిగే బళ్ళలో మూడో వంతు 2015కల్లా మనిషి లేకుండా నడవాలని అమెరికా కాంగ్రెస్ లక్ష్యం పెట్టింది. దాంతో డార్పా 2004లో మొహావీ ఎడారిలో, 200 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిలో, డ్రైవర్ లేని బళ్ళకి 10 లక్షల డాలర్ల పందెం పెట్టింది. అందరికంటే ముందున్న బండి 12 కిలోమీటర్ల లోపే ఓ మలుపులో గట్టు మీద ఇరుక్కుంది, టైర్ల నుంచి పొగలొచ్చేదాకా చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. మరుసటి ఏడాది ఐదు బళ్ళు గమ్యం చేరాయి, స్టాన్‌ఫర్డ్ బండి గెలిచింది. చివరికి 2015 వచ్చింది, వెళ్ళింది. సైన్యం అడిగిన మూడో వంతు రాలేదు. స్టాన్‌ఫర్డ్ జట్టుని నడిపించిన సెబాస్టియన్ థ్రన్ మాత్రం గూగుల్‌కి వెళ్ళి, 2009లో అక్కడ డ్రైవర్ లేని కార్ల పని మొదలుపెట్టారు.

ఇప్పుడు తక్కెడ కంపెనీల వైపు మొగ్గింది. పెద్ద కంప్యూటర్లు, పెద్ద జీతాలు కంపెనీల దగ్గరున్నాయి, అందుకని ప్రభుత్వాలే వాటి గుమ్మం ఎక్కుతున్నాయి. డ్రోన్ వీడియోల్లో వస్తువుల్ని గుర్తుపట్టే మేవెన్ అనే పనిని 2017లో పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, మొదలుపెట్టింది. గూగుల్ అందులో ఉందని తెలిసి 2018లో 3,000 మందికి పైగా ఉద్యోగులు వద్దని సంతకాలు పెట్టారు. కంపెనీ ఆ కాంట్రాక్టుని పొడిగించలేదు, ఆయుధాలకి ఏఐ తయారుచెయ్యబోమని మాట కూడా ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ మాటని తన నియమాల్లోంచి తీసేసింది. అదే ఏడాది జూన్‌లో నలుగురు టెక్ పెద్దలు అమెరికా సైన్యం రిజర్వులో లెఫ్టినెంట్ కల్నల్స్‌గా ప్రమాణం చేశారు. మామూలు సైనికుడికి ఆ హోదా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీరే కనుక్కోండి. ఆ జూన్, జూలై నెలల్లో ఆంత్రోపిక్, గూగుల్, ఓపెన్‌ఏఐ, ఎక్స్‌ఏఐ అనే ఏఐ కంపెనీలకి ఒక్కోదానికి 20 కోట్ల డాలర్ల దాకా కాంట్రాక్టులను పెంటగాన్ ఇచ్చింది.

డబ్బుకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది రహస్యం. ఇది ఏఐ సంగతి కాదు గాని, పక్కింటిదే. ఇవాళ ఇంటర్నెట్‌లో మన సమాచారం ఇతరుల కంటపడకుండా కాపాడే పబ్లిక్ కీ పద్ధతి ఊహ బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎల్లిస్‌కి ముందే తట్టింది. 1973లో క్లిఫర్డ్ కాక్స్ దానికి లెక్క కుదిర్చారు. నోరు విప్పడానికి వీల్లేదు. కొన్నేళ్ళకి అమెరికాలో వేరేవాళ్ళు అదే కనిపెట్టి పేరు తెచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు. 1997 డిసెంబరులో ఆ సంస్థే ఈ సంగతి బయటపెట్టింది. ఎల్లిస్ ఆ ముందు నెలే చనిపోయారు.

అందుకే మీలో ఎవరికైనా అలాంటి కాగితం వస్తే, ఎంత ఇస్తారన్న అంకె తర్వాత చూద్దురుగాని. ముందు ప్రచురణ గురించిన పేరా వెతకండి. పేపరు బయటికి పంపేముందు ఎవరికి చూపించాలి, వాళ్ళు ఆపితే ఎన్నాళ్ళు ఆపగలరు, మానేశాక కూడా ఆ షరతు వెంట వస్తుందా అన్నది అందులో ఉంటుంది. అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో తీసి పంపండి, కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య