తినని డ్రాగన్లన్నీ బ్రూమేషన్‌లో ఉన్నట్టు కాదు

"బ్రూమేషన్‌లోకి వెళ్లిపోయిందండీ, అందుకే తినడం లేదు."

చలికాలం వచ్చిందంటే, బియర్డెడ్ డ్రాగన్లను, అంటే గొంతు కింద గడ్డంలా ముళ్ల చర్మం ఉండే పెంపుడు బల్లుల్ని తెచ్చేవాళ్ల నోట నా క్లినిక్ గదిలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. బ్రూమేషన్ అంటే వాటి చలికాలపు నిద్ర. చెప్పేవాళ్ల గొంతులో అనుమానం ఉండదు. ఏమైందో ఇంట్లోనే తేల్చేసుకుని వస్తారు. నేను తలూపితే చాలు, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోతారు. నేను తలూపను. ముందు బరువు చెప్పండి అంటాను. తినడం మానేసిన రోజు ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది? చాలామంది అక్కడే ఆగిపోతారు.

బల్లులకూ పాములకూ తాబేళ్లకూ వైద్యం చెయ్యడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. బియర్డెడ్ డ్రాగన్లకు ఆలస్యంగా వైద్యం అందిందంటే, దాని వెనక ఎక్కువసార్లు ఈ ఒక్క మాటే ఉంటుంది. అందుకే మిగతా అపోహల్ని చివర్లో గబగబా చెప్పేస్తాను. దీన్ని మాత్రం తీరిగ్గా పట్టుకుంటాను.

అపోహ: తినట్లేదు, ఎప్పుడూ పడుకుంటోంది, పైగా చలికాలం. కాబట్టి బ్రూమేషనే.

వాస్తవం: మొదటి రెండూ జబ్బు లక్షణాలు కూడా. మూడోది లక్షణమే కాదు, క్యాలెండరు.

ఒకసారి ఒక కుర్రాడు ఐదు నెలల డ్రాగన్‌ను తెచ్చాడు. మూడు వారాలుగా మూల నుంచి కదలడం లేదట. పడుకోనిమ్మని చెప్పారట. ఎవరు చెప్పారయ్యా అంటే, "అందరూ అదే అంటున్నారు కదండీ" అన్నాడు. అందరూ అనడం వల్ల బల్లికి జబ్బు నయం కాదు. తెచ్చుకున్న కొత్తలో 190 గ్రాములు ఉన్నది ఆ రోజు తూకంలో 148 చూపించింది. కింది దవడను వేలితో మెల్లగా నొక్కితే రబ్బరులా వంగింది. వెనక కాళ్ల వేళ్లు వణుకుతున్నాయి. ఎముకల జబ్బు, ఎంబీడీ (మెటబాలిక్ బోన్ డిసీజ్). ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు మంచిదే కొన్నాడు పాపం, కానీ దాన్ని ట్యాంకు గాజు మూత మీద పెట్టాడు. గాజు ఆ కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిరణాలు లేక విటమిన్ డీ3 తయారవలేదు, డీ3 లేక మేత మీద చల్లిన కాల్షియం ఒంటికి పట్టలేదు. నమిలితే దవడ నొప్పి, అందుకే మేత మానేసింది. నిద్రా లేదు, గిద్రా లేదు. నెలల తరబడి వైద్యం చేస్తే బతికింది, దవడ మాత్రం వంకరగానే మిగిలిపోయింది.

ఏడాది నిండని పిల్ల తినడం మానేస్తే బ్రూమేషన్ అనే మాటను పక్కన పెట్టేయండి. ఎదిగే వయసులో అది చాలా అరుదు. నెలల తరబడి పస్తుండటానికి కావలసిన కొవ్వు నిల్వ ఆ ఒంట్లో ఉండదు. పిల్ల డ్రాగన్ రెండు మూడు రోజులు తినకపోతే చూపించాలి, మూడు వారాలు ఆగకూడదు.

అసలు ఈ నిద్ర ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి. బియర్డెడ్ డ్రాగన్ (శాస్త్రీయ నామం పోగోనా విటిసెప్స్) పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి మెట్ట, ఎడారి ప్రాంతాలు. తొండ కుటుంబమే. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు కానీ, నన్నడిగితే ముదిరి డ్రాగన్ అయిందనడమే సబబు. అక్కడ చలికాలంలో ఎండ బలం తగ్గుతుంది, పురుగులు దొరకవు, రాత్రిళ్లు గడ్డ కట్టే చలి. సొంతంగా వేడి పుట్టించుకోలేని ఒంటికి అలాంటప్పుడు మిగిలే దారి ఒకటే: నేలలో దూరి, ఒంటి పనులన్నీ నెమ్మది చేసుకుని, గడ్డు రోజులు దాటించుకోవడం. పగలు కుదించుకుపోతున్న సంగతి దానికి తెలుస్తుంది. కళ్లతో పాటు నడినెత్తిన వెలుగు పసిగట్టే చిన్న చుక్క ఒకటి ఉంటుంది, పెరైటల్ కన్ను అంటాం. మీ ట్యాంకులోది తరతరాలుగా ట్యాంకుల్లోనే పుట్టి ఉండొచ్చు, అయినా ఆ పాత గడియారం ఒంట్లో నడుస్తూనే ఉంటుంది. అందుకే వేడి, వెలుగు ఏమాత్రం మార్చకపోయినా కొన్ని పడుకుంటాయి. కొన్ని జన్మలో ఒక్కసారీ పడుకోవు. రెండూ మామూలే.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒంటి పనులు నెమ్మదించడం అన్న సంగతి. ఖర్చు తగ్గింది కాబట్టి నిల్వ కరగదు. 400 గ్రాముల పెద్ద డ్రాగన్ రెండు నెలలు పడుకుని లేస్తే పది, ఇరవై గ్రాములు తగ్గడం మామూలు. నలభై తగ్గిందంటే, అంటే పదో వంతు పోయిందంటే, దాన్ని నిద్ర అనుకుని ఊరుకోవద్దు. జబ్బు పడ్డ ఒంట్లో ఖర్చు ఆగదు, రాబడి ఒక్కటే ఆగుతుంది. అందుకే కరిగిపోతుంది. గ్రాములు చూపించే వంటింటి తూకం యంత్రం ఒకటి చాలు. వారానికోసారి తూచి తేదీ వేసి రాసుకోండి. ఏ మందూ అంత పనికిరాదు.

తర్వాత చేత్తో చూడండి. నిద్రలో ఉన్నదాన్ని మెల్లగా ఎత్తితే విసుక్కుంటుంది. ఒక కన్ను తెరిచి మిమ్మల్ని చూసి, కాళ్లు దగ్గరకు లాక్కుని మళ్లీ మూసుకుంటుంది. ఒళ్లు గట్టిగా ఉంటుంది, తోక మొదలు నిండుగా ఉంటుంది. జబ్బుది తడిగుడ్డలా వేలాడుతుంది. కళ్లు గుంటలు పడతాయి, తోక మొదట్లో ఎముకలు తేలతాయి. గడ్డం నల్లగానే ఉండిపోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, నోట్లో నురగ, నీళ్లలాంటి కంపు రెట్ట, కీళ్ల వాపు, చర్మం మీద పసుపు లేదా గోధుమ రంగు చెక్కులు... వీటిలో ఏ ఒక్కటి కనబడినా నిద్ర సంగతి మర్చిపోయి డాక్టర్ దగ్గరకు బయల్దేరండి.

చాలాసార్లు దొంగ ట్యాంకులోనే దొరుకుతాడు. బల్బు కింద ఒళ్లు కాచుకునే బాస్కింగ్ చోటు 38 నుంచి 42 డిగ్రీలు లేకపోతే కడుపులో మేత అరగదు. అరగనిది ఆకలి ఎలా వేస్తుంది? గాజుకు అతికించిన గుండ్రటి థర్మామీటర్ ఆ గాజు వేడినే చెబుతుంది, రాయి మీద పడుకున్న బల్లి పొట్ట కింద ఎంతుందో దానికేం తెలుసు. ప్రోబ్ ఉన్న డిజిటల్‌ది గానీ, ఇన్‌ఫ్రారెడ్ గన్ గానీ వాడండి. ఒకాయన దగ్గర నెలన్నరగా సాగుతున్న 'బ్రూమేషన్' బల్బు మార్చిన మూడో రోజుకు ముగిసింది. యూవీబీ ట్యూబుదీ ఇదే కథ. వెలుగుతోంది కదా అంటారు. కంటికి కనిపించే వెలుగు ఏళ్ల తరబడి వస్తుంది, కనిపించని యూవీబీ అంతకన్నా చాలా ముందే పడిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదికి మార్చాల్సిందే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రెండేళ్ల ఆడ డ్రాగన్ ఒకటి వచ్చింది. మేత మానేసింది, మూలల్లో తవ్వుతోంది, తర్వాత మందకొడిగా పడుంటోంది. పెద్దది, చలికాలం, బరువు కూడా తగ్గలేదు. బ్రూమేషన్ అని పంపేశాను. బరువు తగ్గలేదని సంబరపడ్డానే గానీ, ఎందుకు తగ్గలేదని ఆలోచించలేదు. కడుపు నిండా గుడ్లు. మగదాని ముఖం చూడకపోయినా ఆడవి గుడ్లు పెడతాయి. అవి ఫలించవు, అంతే తేడా. తవ్వుకోవడానికి తగినంత లోతు ఇసుకమట్టి దొరక్క, అది గుడ్లను లోపలే ఆపేసుకుంది. పది రోజుల తర్వాత మళ్లీ తెచ్చేసరికి ఆపరేషన్ తప్ప దారి లేకపోయింది. బతికింది, నా తెలివి వల్ల మాత్రం కాదు. అప్పట్నుంచి తినని ఆడదాని కడుపు తడమకుండా, అనుమానం ఉంటే ఎక్స్‌రే గానీ స్కానింగ్ గానీ తీయకుండా ఇంటికి పంపను. మీరు చెప్పాల్సిందల్లా తవ్విందా లేదా అన్నది. ఆ మాట మర్చిపోకండి.

బ్రూమేషన్ అని నికరంగా తేలేది మిగతావన్నీ కావని తేలాకే. పెద్దది అయ్యుండాలి, ట్యాంకు వేడి సరిగ్గా ఉండాలి, మల పరీక్షలో కాక్సిడియా అనే సూక్ష్మ పరాన్నజీవులు, నులిపురుగుల లాంటివి మితిమీరి లేవని తేలాలి, గుడ్లు లేవని తెలియాలి. నిద్రలో ఒంటి రక్షణ వ్యవస్థ కూడా మందగిస్తుంది కాబట్టి పరాన్నజీవుల సంగతి పడుకోకముందే తేల్చుకోవడం మేలు.

రెండో పెద్ద అపోహ దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. "పస్తుంటే చచ్చిపోతుంది, సిరంజితో అయినా పెట్టాలి." ఇది ప్రేమతో చేసే పని, అందుకే కోప్పడలేను. కానీ నిజంగా నిద్రలోకి జారుకుంటున్నదాని కడుపులో మేత పడితే, దాన్ని అరిగించే వేడి ఆ ఒంట్లో ఉండదు. లోపలే కుళ్లుతుంది. సగం నిద్రలో ఉన్నదాని నోట్లో పిండితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే. నిద్ర సూచనలు కనిపించగానే మేత ఆపండి, వేడి మాత్రం ఆపకండి. మిగిలింది అరిగి, రెట్ట వేసి, కడుపు ఖాళీ అయ్యేదాకా వారం పది రోజులు ట్యాంకు మామూలుగానే నడవాలి. ఆ తర్వాతే లైటు గంటలు కొంచెం కొంచెం తగ్గించండి. మొదటి రోజే స్విచ్చులన్నీ కట్టేసేవాళ్లను చూశాను. తిన్న పురుగులతో సహా దాన్ని ఫ్రిజ్‌లో పెట్టినట్టే అది.

జబ్బు వల్ల తిననిదానికి చేత్తో పెట్టాల్సి రావొచ్చు, కాదనను. అది కూడా ముందు ఒళ్లు వెచ్చబరిచి, నీటి లోటు తీర్చి, డాక్టర్ చెప్పిన కొలతలో పెట్టాలి. ఆ వరస తప్పకూడదు.

ఇక మిగతావి.

స్నానం చేయిస్తే చర్మం గుండా, మలద్వారం గుండా నీళ్లు పీల్చుకుంటుందట. పీల్చుకోదు. నోటితోనే తాగుతుంది. స్నానంలో నాలుగు గుక్కలు తాగేవి కొన్ని ఉంటాయి, అంతవరకే దాని ఉపయోగం. నిద్రపోయేదాన్ని రోజూ గోరువెచ్చని నీళ్లలో ముంచి లేపడం హింస. మధ్యలో దానంతట అదే లేస్తే మూతి దగ్గర రెండు చుక్కలు నీళ్లు వేయండి, చాలు.

నిద్ర అంటే మూడు నెలలు మెలకువే రాదనుకుంటారు. వస్తుంది. లేస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది, ఓ గంట లైటు కింద కూర్చుని మళ్లీ లోపలికి పోతుంది. కొన్ని రెండు వారాల్లో ముగిస్తాయి, కొన్ని మూడు నాలుగు నెలలు తీసుకుంటాయి.

బ్రూమేషన్ చేయించకపోతే ఆయుష్షు తగ్గుతుందన్నది ఎవరో పుట్టించిన మాట. పడుకోనిదాన్ని చల్లబరిచి పడుకోబెట్టాల్సిన అవసరం పెంపుడు డ్రాగన్‌కు లేదు.

వేడి రాళ్లు, హీట్ రాక్స్ అంటారు, తీసి పారేయండి. పొట్ట కాలి వచ్చేవాటిని కుట్టి కుట్టి విసుగెత్తింది.

ఆకలి పుట్టించడానికి తోటలో మెరిసే పురుగును పెట్టి చూశామన్నారు ఒక ఇంట్లో. మిణుగురు విషం. ఒక్కటి చాలు డ్రాగన్ ప్రాణం పోవడానికి. వాళ్ల అదృష్టం, అది ముట్టుకోలేదు.

బెంగపడేవాళ్లకు ఒక మాట. ఒకావిడ ట్యాంకు పక్కనే పరుపు వేసుకుని పడుకునేది. రాత్రి రెండు గంటలకోసారి లేచి, ఊపిరి ఉందో లేదో అని వేలితో తట్టి చూసేది. ఏడో వారంలో ఏడుస్తూ తెచ్చింది. మొత్తం ఏడు వారాల్లో తగ్గింది ఆరు గ్రాములు. డ్రాగన్ నిక్షేపంగా ఉంది, కళ్ల కింద నల్లటి చారలు ఆవిడకే ఉన్నాయి. వారానికోసారి తూకం అని ఒప్పందం చేసుకున్నాం. ఆ మధ్యలో తట్టకూడదు, లేపకూడదు, టార్చిలైటు వేయకూడదు. మొదటి వారం నాకు రోజూ ఫోన్ చేసింది, రెండో వారం ఒకసారి. తర్వాత నేనే చేసి కనుక్కోవాల్సి వచ్చింది. చచ్చిందేమో అనే భయం తప్పు కాదు. పక్కలు కదులుతున్నాయా అని దూరం నుంచి చూడండి. కదలిక చాలా నెమ్మదిగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి.

లేచాక కంగారుగా గిన్నె నిండా పురుగులు పోయకండి. ముందు వెలుగు, వేడి, నీళ్లు. ఒకటి రెండు రోజులు బాగా ఎండ కాగాక కాస్త ఆకుకూర, ఆ తర్వాత పురుగులు ఒకటీ అరా. ఆకలి పూర్తిగా తిరిగి రావడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. మూడో వారానికీ మేత ముట్టకపోతే తీసుకురండి. వచ్చేటప్పుడు బరువులు రాసుకున్న కాగితం, వీలైతే తాజా రెట్ట ఒక డబ్బాలో వేసి తెండి. సగం పని అక్కడే అయిపోతుంది.