‘అంతా నీ మనసులోనే ఉంది’: లైమ్ జబ్బు, దాని వెంట వచ్చే డిప్రెషన్

మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఏడేళ్లు ఉద్యోగం చేసి, పోయిన ఏడాది కూకట్‌పల్లిలోని ఇంటికి వచ్చేశాడు. అక్కడ ఒక వేసవిలో కొండల్లో తిరిగొచ్చాక జ్వరం వచ్చింది, తొడ మీద పెద్ద ఎర్రటి మచ్చ లేచింది. పిడుదు అనే పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బు అని తేల్చి మూడు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. మచ్చ పోయింది, జ్వరం తగ్గింది. ఒళ్లునొప్పులు, అలసట, నిద్ర పట్టకపోవడం మాత్రం అలాగే ఉండిపోయాయి. పని మీద మనసు నిలవక ఉద్యోగం పోయింది. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులు. మంచం దిగలేనివాడు ఇంటర్వ్యూలకు ఎలా వెళ్తాడు?

ఇక్కడ మొదట చూపించిన డాక్టర్ రిపోర్టులు పక్కన పెట్టి, ‘అంతా టెన్షన్ బాబూ, పెళ్లి చేసుకో, తగ్గిపోతుంది’ అన్నారు. ఆ రోజు నుంచి వాడు ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు.

ఈ జబ్బు చరిత్ర మొదలైందే అలాంటి మాటతో. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ పాలీ మర్రే అనే ఇల్లాలు 1960ల నుంచే కీళ్ల వాపులతో, మచ్చలతో, అంతుచిక్కని అలసటతో డాక్టర్ల చుట్టూ తిరిగింది. అది మనసుకు సంబంధించిన సమస్య అనుకున్న డాక్టర్లూ ఉన్నారు. తర్వాత ఆమె పిల్లలకూ, భర్తకూ అవే బాధలు మొదలయ్యాయి. ఆమె ఇరుగుపొరుగును అడిగి ఎవరెవరికి ఏం జరిగిందో రాసిపెట్టుకుంది. 1975లో ఆమె, ఆ చుట్టుపక్కలే ఉన్న మరో తల్లి ఆరోగ్య అధికారులకు ఫోన్ చేశారు. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే యువ డాక్టర్ వచ్చి విచారించాడు. 1977లో ఆయన బృందం 51 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో 39 మంది పిల్లలే. ఒక తల్లి నోటుపుస్తకంలోని రాతలను ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే ఈ జబ్బు ఇంకెన్నాళ్లు పేరు లేకుండా ఉండేదో!

జబ్బుకు మొదట పెట్టిన పేరు ‘లైమ్ ఆర్థ్రైటిస్’. దాంతో అందరి చూపూ కీళ్ల మీదకే పోయింది. యూరప్‌లో మాత్రం పిడుదు కుట్టాక నరాలు దెబ్బతింటాయని 1922లోనే ఫ్రెంచి డాక్టర్లు రాశారు. ఆ రెండూ ఒకే జబ్బు అని తెలియడానికి, 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల పేగుల్లో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కనిపెట్టాల్సి వచ్చింది. పిడుదు అంటే మన గేదెలకూ కుక్కలకూ పట్టేదాని జాతిదే, గోమారి అని కూడా అంటారు. లైమ్‌ను ఎక్కువగా అంటించే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. అందుకే అది కుట్టిన సంగతి చాలామందికి తెలియదు.

మందు దొరికాక అసలు గొడవ మొదలైంది. సరైన యాంటీబయాటిక్ వాడినా నూటికి ఐదు నుంచి పదిమందికి నొప్పులు, అలసట, మతిమరుపు నెలల తరబడి ఉండిపోతాయి. కొందరు దీన్ని ‘క్రానిక్ లైమ్’ (వదలని లైమ్) అని, ఒంట్లో క్రిమి ఇంకా ఉందని, నెలల పాటు యాంటీబయాటిక్ ఎక్కించాలని వాదించారు. అంటువ్యాధుల నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు. 2001లో అమెరికాలో, 2016లో నెదర్లాండ్స్‌లో రోగుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువ కాలం యాంటీబయాటిక్ వాడినవాళ్లకు అదనంగా మేలేమీ కనపడలేదు. పైగా నెలల తరబడి నరానికి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణాల మీదకు వచ్చిన సంఘటనలు ఉన్నాయి.

ఈ వాదనలో నలిగిపోయింది రోగులే. ‘క్రిమి లేదు’ అన్న మాట వాళ్ల చెవికి ‘నీకు జబ్బు లేదు’ అని వినపడింది. డిప్రెషన్‌కు మందు రాస్తే, తమ నొప్పి అబద్ధమని తేల్చేసినట్టు అనిపించి చీటీ చించేసినవాళ్లు ఉన్నారు. మావాడూ అదే చేశాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. క్రిమి ఉందా లేదా అన్నది తేలేదాకా డిప్రెషన్‌కు వైద్యం ఆపాల్సిన పనే లేదు.

లైమ్ వెంట దిగులు రావడం ఊహ కాదని చెప్పే లెక్కలూ వచ్చాయి. డెన్మార్క్‌లో 1994 నుంచి 2016 దాకా దాదాపు 70 లక్షల మంది రికార్డులు చూశారు. ఆసుపత్రిలో లైమ్ అని తేలినవాళ్లలో మానసిక జబ్బులు మిగతావాళ్లకంటే 28 శాతం ఎక్కువగా కనిపించాయి, ఆత్మహత్యా ప్రయత్నాలు రెండింతలు ఉన్నాయి. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. లైమ్ వచ్చిన ఎక్కువమందికి ఈ కష్టాలు రావని కూడా అదే పరిశోధన చెప్పింది. ఇన్ఫెక్షన్ మీద ఒళ్లు చేసే పోరాటంలో పుట్టే వాపు మెదడు మీద కూడా పనిచేయవచ్చు. దానికి నిద్రలేమి, నొప్పి, పోయిన జీతం, నమ్మని చుట్టాలు తోడవుతాయి.

హైదరాబాద్‌లో లైమ్ మాట చాలామంది విని ఉండరు. కానీ చికెన్‌గున్యా తెలియని ఇల్లు ఉందా? 2006లో దేశమంతా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు వచ్చాయి. మొదట దెబ్బతిన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. జ్వరం వారంలో పోయింది. కీళ్లనొప్పులు కొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. ‘అప్పట్నుంచి నేను నేను కాదు బిడ్డా’ అని మా నాయనమ్మ అనేది. ఆ మాట వెనకున్న దిగులును మేమెవరమూ పట్టించుకోలేదు. నొప్పి బిళ్ల తెచ్చిచ్చి ఊరుకున్నాం.

డిప్రెషన్ ఎలా మొదలైనా దానికి వైద్యం ఉంది. నొప్పికీ దిగులుకీ రెండింటికీ పనిచేసే డులోక్సెటిన్ లాంటి మందులున్నాయి, సైకియాట్రిస్ట్ చూసి రాయాలి. కౌన్సెలింగ్‌లో ఆలోచనల్ని సరిచేసుకునే పద్ధతి నేర్పుతారు. ఒంట్లో బాగున్న రోజు పనులన్నీ మీదేసుకుని, తర్వాత వారం మంచాన పడకుండా పనిని కొంచెం కొంచెంగా పంచుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే. థైరాయిడ్, విటమిన్ బి12, రక్తహీనత పరీక్షలు మర్చిపోవద్దు, వాటివల్ల కూడా ఇవే లక్షణాలు రావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416 నంబర్‌లో ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మావాడిని రెండో డాక్టర్ దగ్గరకు పిన్నే తీసుకెళ్లింది. ఆయన గంటసేపు విన్నారట. ‘నొప్పి నిజమే, దిగులూ నిజమే, రెండూ చూద్దాం’ అన్నారట. ఆ సాయంత్రం వాడు చాలా నెలల తర్వాత నాకు ఫోన్ చేసి, ‘అన్నా, ఆయన నమ్మాడు’ అన్నాడు. మందు మొదలై నాలుగు నెలలైంది. నొప్పి పూర్తిగా పోలేదు. పొద్దున పిన్నితో కలిసి కాలనీ పార్కుదాకా నడుస్తున్నాడు.