కాశ్మీర్‌లో లిథియం దొరికింది కదా, బ్యాటరీ ధర ఎందుకు తగ్గదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక ఆటో అన్న, ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీ ప్యాకులు బిగించే మా యూనిట్‌కు వచ్చాడు. ప్యాక్ ధర చెప్పగానే, "కాశ్మీర్‌లో లిథియం పడిందంట కదా సార్, ఇంకో ఏడాది ఆగితే సగానికి రాదా?" అన్నాడు. ఆ ఆశతోనే రెండేళ్ళుగా డీజిల్ ఆటో నడుపుకుంటూ ఆగాడట. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆయన నష్టం చూస్తేనే బాధేసింది.

అపోహ: గని ఉంటే బ్యాటరీ మనదే.

2023 ఫిబ్రవరిలో జియలాజికల్ సర్వే చెప్పింది ఇంతే: జమ్మూలోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం వనరులు ఉండవచ్చని అంచనా. అది జీ3 స్థాయి, అంటే ఇంకా ప్రాథమిక అన్వేషణే. వాట్సాప్‌కు చేరేసరికి 'ఉండవచ్చు' ఎగిరిపోయింది. ఆ బ్లాకును వేలానికి పెడితే చాలినంతమంది ముందుకు రాక 2024లో రద్దు చేశారు.

సరే, రేపే తవ్వారనుకుందాం. ప్రపంచంలో లిథియం అందరికన్నా ఎక్కువ తవ్వేది ఆస్ట్రేలియా. ఆ ఖనిజంలో ఎక్కువ భాగాన్ని శుద్ధి కోసం ఓడల్లో చైనాకే పంపుతుంది. ఆటో అన్నది పత్తి పండే ఊరు. "మీ ఊళ్ళో పత్తి పండుతుంది కదా, చీర చవగ్గా దొరుకుతుందా?" అని అడిగాను. జిన్నింగ్, స్పిన్నింగ్, మగ్గం ఎవరి దగ్గరుంటే ధర వాళ్ళ చేతిలో ఉంటుందని ఆయనకు నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

పైగా అందరూ లిథియం పేరే ఎత్తుతారు. ఒక కిలోవాట్ అవర్, అంటే ఒక యూనిట్ కరెంటు పట్టే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలో లిథియం సుమారు 100 గ్రాములు, గ్రాఫైట్ దాదాపు కిలో. బ్యాటరీకి పనికొచ్చేలా శుద్ధి చేసిన గ్రాఫైట్‌లో 90 శాతానికి పైగా చైనాదే. 2023 డిసెంబరు 1 నుంచి దాని ఎగుమతికి చైనా పర్మిట్ తప్పనిసరి చేసింది. ఆ కబురు వచ్చినప్పుడు, చైనా గ్రాఫైట్‌తో తయారయ్యే కొరియా సెల్స్ (ప్యాక్‌లో కూర్చే చిన్న బ్యాటరీలు) తెప్పించే మా డీలర్ కొత్త ఆర్డర్లకు రేటు చెప్పడం మానేశాడు. మూడు వారాలు ఒకటే టెన్షన్. లైన్ ఆగితే రోజుకూలీకి పనిచేసే కుర్రాళ్ళకు ఏం చెప్పాలో తోచలేదు. దేశ భద్రత అంటే సరిహద్దే అనుకునేవాణ్ణి, ఆ మూడు వారాల్లో అది మా వెల్డింగ్ టేబుల్ దాకా వచ్చింది. అందుకే గని వార్త కన్నా ఒక గ్రాఫైట్ ప్లాంటు, ఒక క్యాథోడ్ (సెల్‌లో పాజిటివ్ వైపు పదార్థం) ప్లాంటు కట్టారన్న వార్త కోసం ఎదురుచూస్తాను.

అపోహ: ప్యాక్ మీద 'మేడిన్ ఇండియా' ఉంటే సెల్ కూడా ఇక్కడిదే.

చాలా ప్యాకుల్లో సెల్ దిగుమతిదే. వెల్డింగ్, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్), కేసింగ్ మావి. సెల్ తయారీకి 2021లో కేంద్రం 18,100 కోట్ల పీఎల్ఐ పథకం (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చేది) తెచ్చింది, పనులు అనుకున్నంత వేగంగా సాగలేదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా ప్లాంటు వస్తోంది, నాకు చాలా సంతోషం. కానీ వాళ్ళు కూడా ఎల్ఎఫ్‌పీ టెక్నాలజీకి లైసెన్సు తీసుకున్నది చైనా కంపెనీ గోషన్ అనుబంధ సంస్థ నుంచే.

సోడియం బ్యాటరీ వస్తే లిథియం పని అయిపోతుందంటారు. ఒకే సైజులో సోడియం తక్కువ చార్జ్ పట్టుకుంటుంది, రెండింటికీ చోటుంది. పాత బ్యాటరీ చెత్త అనుకోకండి, అందులో లోహాలున్నాయి. పాత ఇనుప సామాన్ల కొట్లో పడేయకుండా రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వండి.

ఇక ధర సంగతి. చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ 2022 నవంబరులో 6 లక్షల యువాన్ల దగ్గరుంటే, 2023 చివరికి లక్ష దగ్గరికి పడిపోయింది. రియాసీ నుంచి ఒక్క గ్రాము రాకుండానే! ఆ తగ్గుదల ప్యాక్ ధరల్లోకి ఎప్పుడో వచ్చేసింది.

ఆటో అన్నకు రోజువారీ డీజిల్ ఖర్చు, చార్జింగ్ ఖర్చు పక్కపక్కన కాగితం మీద రాసిచ్చాను. ఎవరి దగ్గర కొన్నా సెల్ ఏ కంపెనీదో బిల్లు మీద రాయించుకోమని, వారంటీ ఎన్నేళ్ళో, ఎన్ని కిలోమీటర్లో చూసుకోమని చెప్పాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంట్లో అడిగి వస్తానని వెళ్ళాడు.