చచ్చిన గొర్రెకు కత్తి పెట్టొద్దు

అనంతపురం

పిల్లల్లారా,

జీవాయుధం అంటే మీకు తెల్ల తొడుగుల మనుషులు, అద్దాల గదులు గుర్తొస్తాయేమో. ఆ ఆయుధాల్లో పేరుమోసిన ఆంత్రాక్స్ మన గొర్రెల మందకు పాత చుట్టమే. దొమ్మ రోగం అంటామే, అదే.

ఈ క్రిమికి గాలి తగిలితే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. ఆ రూపాన్ని స్పోర్ అంటారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి పొట్ట ఉబ్బి చచ్చి పడుంటుంది. ముక్కులోంచి, వెనకదారిలోంచి నల్లటి నెత్తురు కారుతుంది, గడ్డకట్టదు. మాంసం పాడైపోతుందని ఎవరో కత్తి తెస్తారు. కొయ్యకుండా వదిలితే లోపలి కుళ్లుకే క్రిములు కొద్దిరోజుల్లో చస్తాయి. కోస్తే నెత్తురులోని క్రిములు నేల మీద పడి, గాలి తగిలి, స్పోర్లయి ఏళ్లతరబడి మట్టిలో ఉంటాయి. వానకు మొలిచిన పొట్టి గడ్డిని మట్టితో సహా కొరికిన గొర్రెకు మళ్లీ అదే గతి.

అలాంటి గొర్రె కనిపిస్తే పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేయండి. పశువుల డాక్టరు చెవి నరం నుంచి చుక్క నెత్తురు గాజు పలక మీద తీసి రంగు వేస్తే, చివర్లు నలుచదరంగా తెగిన నీలి కడ్డీలు, చుట్టూ గులాబీ పొర కనిపిస్తాయి. కళేబరాన్ని కాల్చాలి, లేదా నెత్తురు పడ్డ మట్టితో సహా ఆరడుగుల లోతున పూడ్చాలి. సున్నం చల్లడం పాత అలవాటే గానీ, అందులోని కాల్షియం స్పోర్లకే మేలు చేయొచ్చు.

టీకా ఏటా ఒకసారి, వానలకు ముందే. గొర్రెకు చర్మం కింద అర మిల్లీలీటరు. అందులో ఉండేది బతికున్న బలహీన క్రిమి కాబట్టి, అదే సమయంలో యాంటీబయాటిక్ ఇస్తే టీకా దండగ.

మనిషికి సోకితే చేతి మీద దురద పొక్కు లేచి, నల్లటి పక్కు కడుతుంది. నొప్పి ఉండదు, అందుకే పట్టించుకోరు. డాక్టరుకు గొర్రెను కోసిన మాట దాచొద్దు. స్పోర్లు పీల్చినవాళ్లకైతే మందు 60 రోజులు వాడతారు. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్నవి ఆలస్యంగా లేస్తాయి మరి.

2001లో అమెరికాలో ఈ స్పోర్ల పొడిని ఉత్తరాల్లో పంపితే 22 మందికి సోకింది, ఐదుగురు పోయారు. అనుమానం వచ్చే పొడి కవరు ఎదురైతే విదిలించొద్దు, వాసన చూడొద్దు. కింద పెట్టి, ఫ్యాను ఆపి, తలుపు మూసి బయటికొచ్చి 112కి చెప్పండి. చేతులు సబ్బుతో కడగండి. శానిటైజరుకు స్పోర్ చావదు.

మీ తాత